విల్లుకు కన్ను బిగిస్తే

పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో మా చెల్లెలి కాపురం. బావగారు యానాం వారు. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడ్డారు. వారి అబ్బాయికి విలువిద్య అంటే ప్రాణం. కిందటి వేసవిలో వెళ్ళినప్పుడు వాని ఉత్సాహానికి ముచ్చటపడి, అరచేతిలో ఇమిడే యాక్షన్ కెమెరా ఒకటి కానుకగా ఇచ్చాను. విదేశాలలో వేటగాళ్ళు అటువంటి దానిని వింటికి బిగించి తమ వేటను తామే చిత్రించుకుంటారని చదివి ఉన్నాను. ఆ కానుకే వానికి చేటు తెస్తుందని ఊహించలేదు.

మూడు వారాలు గడిచాక చెల్లెలు ఫోను చేసింది. “అన్నయ్యా, వీడు విల్లు అటకెక్కించాడు. పోటీకి వెళ్ళనంటున్నాడు. నువ్వే వచ్చి చెప్పాలి.”

వెళ్ళాను. “నా చేతిలో పస పోయింది, మామయ్యా! బాణాలన్నీ గురికి దిగువనే పడుతున్నాయి,” అన్నాడు వాడు, తల వంచుకుని. విల్లు దింపించి చూశాను. దాని ముందుకు పొడుచుకు వచ్చిన స్టెబిలైజర్ కడ్డీ కొసన నేనిచ్చిన కెమెరా మెరుస్తున్నది.

మరునాడు వాని గురువుగారు దానిని చూసి నవ్వారు. “పస పోలేదు బాబూ, బరువు పెరిగింది!” అన్నారు.

కెమెరా తూకం 150 గ్రాములకు మించదు. కాని బరువు ఎంత అన్న దానితో పాటు, అది ఎంత దూరాన ఉన్నదన్నదీ చూడాలి. 75 సెంటీమీటర్ల కడ్డీ చివరనున్న 150 గ్రాములు, పిడికిలికి 7.5 సెంటీమీటర్ల దూరాన కిలోన్నర బరువు వేలాడదీసినంతగా చేతిని కిందికి వంచుతాయి. త్రాసుకోలకు చెల్లే సూత్రమే వింటికీ చెల్లుతుంది. మా వాడు అభ్యసించే కాంపౌండ్ విల్లుకు గురి 50 మీటర్ల దూరాన ఉంటుంది. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డుకొలత 8 సెంటీమీటర్లు. వింటి మొన డిగ్రీలో దాదాపు 20వ వంతు తొలగినా, నడిమికి గురిపెట్టిన బాణం ఆ వలయాన్ని తప్పుతుంది.

పోనీ, ఆ కెమెరా చూపినదేమిటి? బాణం సెకనుకు సుమారు 80 మీటర్ల వేగంతో వెళుతుంది. సెకనుకు 30 బొమ్మలు తీసే కెమెరాలో ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ నడుమ అది రెండున్నర మీటర్లు దాటిపోతుంది. వేళ్ళు విడిచింది మొదలు బాణం అల్లెతాడును వీడే దాకా పట్టే కాలం అంతకన్నా స్వల్పం. 240 బొమ్మలు తీసే ఏర్పాటు ఉంటే కొంత మేలు. అయినా వింటితో పాటు కదిలే కన్ను వింటి వణుకును విడిగా చూపలేదు. దృశ్యమంతా వణికినట్టు చూపుతుంది. పడవలో కూర్చున్న వానికి ఒడ్డు ఊగుతున్నట్టు తోచడం వంటిదే ఇది.

అంతర్జాతీయ విలువిద్యా సమాఖ్య నిబంధనల ప్రకారం పోటీలో వింటికి విద్యుత్ పరికరమేదీ బిగించరాదు. కెమెరాతో అలవాటు పడిన చేయి, పోటీనాడు అది లేక మళ్ళీ తడబడుతుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు 2023లో జరిగినప్పుడు మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖదీ కాంపౌండ్ విల్లే. అటువంటి గురి కుదరాలంటే చేతిలోని విల్లు రోజూ ఒక్క తీరుగా ఉండాలి.

వేట మాట వచ్చింది కనుక మరొక సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశంలో వేటను నిషేధించింది. అంతకు పూర్వం, 1940 ప్రాంతంలో హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు నల్లమల చెంచుల మధ్య నివసించి, వారి జీవితాన్ని ఛాయాచిత్రాలలో నిలిపాడు. 1943లో వారిపై గ్రంథం ప్రకటించాడు. అక్కడ విల్లు ఒకరి చేతిలో, కెమెరా మరొకరి చేతిలో. ఎవరి పని వారిది! రెండూ ఒకే చేతికి అప్పగించిన తొందరపాటు నాది.

గురువుగారు చెప్పిన ఉపాయం తేలికైనది. కెమెరాను వింటి నుంచి విప్పి, ముక్కాలి పీటపై విలుకాని పక్కన భుజం ఎత్తున నిలపాలి. ఒకసారి వెనుక నుంచి కూడా తీయాలి. అప్పుడు మోచేయి జారడం, పిడికిలి బిగియడం, తల కదలడం స్పష్టంగా కనిపిస్తాయి. సరదాకు వింటికే బిగించదలిస్తే, కడ్డీ కొసన గాక నడిమి లోహభాగానికి ఆనించి, మరలు వదులు కాకుండా చూసుకుని, జారిపోకుండా దారం కట్టాలి. కెమెరాను పరీక్షించే నెపంతోనైనా బాణం లేకుండా అల్లెతాడును లాగి విడువరాదు. బాణానికి చేరవలసిన శక్తి వింటినే చీల్చవచ్చు, చేతికీ గాయం కావచ్చు.

మా వాడు పోటీకి వెళ్ళాడు. పతకం రాలేదు. కాని బాణాలు మళ్ళీ నడిమికి చేరాయి. తిరిగి వచ్చి, “మామయ్యా, ఈసారి కానుక తెచ్చే ముందు గురువుగారిని ఒక మాట అడుగు,” అన్నాడు. ఒప్పుకున్నాను.