ముందు టైం టేబుల్, తర్వాతే బస్సు

కొత్త బస్సులొస్తే డిపో గేటు దగ్గర కొబ్బరికాయ కొడతారు, ఎమ్మెల్యేగారు జెండా ఊపుతారు, మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. ఆ బస్సు ఏ ఊరికి, ఎన్నింటికి, రోజుకి ఎన్నిసార్లు వెళ్తుందన్నది వార్తలో ఆఖరి వాక్యం. చాలాసార్లు ఆ వాక్యం కూడా ఉండదు. బస్సు కొనడం కంటికి కనిపించే పని, టైం టేబుల్ వేయడం ఎవరి కంటికీ కనిపించని పని. అందుకని మన దగ్గర మొదటిదే ముందు జరుగుతుంది.

స్విట్జర్లాండ్‌ వాళ్లు వరస తిరగేశారు. 1982 మే నెలలో అక్కడ దేశమంతటా రైళ్లని గంటగంటకీ అవే నిమిషాలకి నడపడం మొదలుపెట్టారు. 1987లో జనం ఓటేసి ‘రైలు 2000’ పథకాన్ని ఒప్పుకున్నారు. జ్యూరిక్ నుంచి బెర్న్‌కి గంట పైనే పట్టేది. కొత్త లైను వేసి 2004 డిసెంబరు నాటికి దాన్ని 56 నిమిషాలకి తెచ్చారు. ఇంకా తగ్గించలేక ఆగలేదు, అక్కర్లేక ఆగారు. అన్ని వైపుల నుంచీ రైళ్లు గంట కొట్టేముందు పెద్ద స్టేషనుకి చేరి, కొట్టాక బయల్దేరితే ఎవరైనా ఎటైనా మారొచ్చు. అందుకు ప్రయాణం గంటలోపు ముగిస్తే చాలు. అంతకు మించిన వేగానికి పెట్టే ప్రతి ఫ్రాంకూ దండగే. పల్లెలకి తిరిగే పసుపు రంగు పోస్టు బస్సులు కూడా ఆ నిమిషాలకే కట్టుబడి, రైలు దిగినవాళ్లని ఎక్కించుకుని కదులుతాయి.

ఇదంతా రైళ్ల గొడవ కదా అంటారేమో, బస్సు లెక్కా ఇదే. అమలాపురం నుంచి సముద్రం వైపున్న ఒక ఊరికి పోను యాభై నిమిషాలు, రాను యాభై, రెండు చివరలా చెరో పది నిమిషాల విరామం అనుకుందాం. చుట్టు పూర్తవడానికి సరిగ్గా రెండు గంటలు. ఒక బస్సుంటే రెండు గంటలకోసారి, రెండుంటే గంటకోసారి. ఇప్పుడు ఆ దారిలో ఎవరో అడిగారని ఒక పేట చుట్టూ తిప్పి తెచ్చామనుకోండి, చుట్టు రెండు గంటల పది నిమిషాలవుతుంది. ఎనిమిదింటి బస్సు తర్వాతది పదీ పది, ఆ తర్వాతది పన్నెండూ ఇరవై. ఆ వేళలు ఎవరికి గుర్తుంటాయి? గంటకో బస్సు అనే మాట నిలబెట్టుకోవాలంటే మూడో బస్సు కావాలి. ఆ పది నిమిషాల ఖరీదు ఒక బస్సు, దానికి తగినంతమంది డ్రైవర్లూ కండక్టర్లూ. ఆ మలుపు తీసేసినా, ఊరి మధ్య ఒక ఇరుకు సెంటరు వెడల్పు చేసినా అదే బస్సు కొన్నట్టు. రోడ్డు ఖర్చు ఆర్ అండ్ బీది, బస్సు ఖర్చు ఆర్టీసీది కావడంతో ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కూడేవాళ్లు లేరు.

డిపో మేనేజరుకి ఈ లెక్క తెలియదని కాదు, నాకన్నా బాగా తెలుసు. కానీ ఆయన్ని పైవాళ్లు అడిగేది ఈపీకే (కిలోమీటరుకి రాబడి) ఎంత, ఓఆర్ (నిండిన సీట్ల శాతం) ఎంత అని. కిలోమీటరుకి రాబడి తగ్గిన ట్రిప్పు మీదే ముందు కత్తెర పడుతుంది. రోజుకి ఆరు ట్రిప్పులున్న ఊరికి నాలుగు చేస్తే జనం షేర్ ఆటో ఎక్కుతారు. ఆటోకి టైం టేబుల్ లేదు, నిండితే కదులుతుంది. అప్పుడు మిగిలిన నాలుగింటి రాబడీ పడిపోతుంది, నాలుగు రెండవుతాయి. చివరికి ఆ ఊరికి మిగిలేది రాత్రి పడుకుని తెల్లారి బయల్దేరే నైట్ హాల్ట్ బస్సొక్కటే.

గోదావరి డెల్టాకి స్విస్ పద్ధతి నప్పుతుందని నేననడానికి కారణం భూగోళం. వాళ్లని కొండలు కొన్ని దారుల్లోకే తోసినట్టు, మనల్ని నదీపాయలు కొన్ని వంతెనల మీదకే తోస్తాయి. కోనసీమ నుంచి గౌతమి దాటాలంటే ధవళేశ్వరం బ్యారేజీ, రావులపాలెం–జొన్నాడ, ఎదుర్లంక–యానాం. వశిష్ట దాటాలంటే సిద్ధాంతం, చించినాడ, కాదంటే మళ్లీ బ్యారేజీయే. తక్కినవి పంట్లు. కోటిపల్లి–నరసాపురం రైలు ఇంకా పూర్తి కాలేదు గనుక ఇక్కడ బస్సే రైలు. రావులపాలెం సెంటర్ ఇప్పటికే జంక్షను. హైవే మీద రాజమండ్రి, తణుకు, తాడేపల్లిగూడెం వైపు బస్సులు పోతూనే ఉంటాయి. లంకల నుంచి, కాలవ గట్ల మీంచి వచ్చే పల్లెవెలుగులన్నీ గంటకి ఐదు నిమిషాల ముందు అక్కడికి చేరి, పది నిమిషాల తర్వాత తిరిగి బయల్దేరితే ఎలా ఉంటుంది?

జనం ఒప్పుకోరు, నాకు తెలుసు. ప్రతి సర్పంచీ అడిగేది రాజమండ్రికి డైరెక్టు బస్సే. ఆస్పత్రికి వెళ్లే ముసలావిడని రావులపాలెంలో దించి బస్సు మారమంటే ఏమంటుందో ఊహించగలం. రోజుకి రెండుసార్లొచ్చే డైరెక్టు బస్సా, గంటకోసారి వచ్చే మారాల్సిన బస్సా అన్నదే అసలు బేరం. అందులో నేను రెండో దానివైపే, ఒక షరతు మీద: దిగగానే తర్వాతి బస్సు కళ్లెదుట ఉండాలి, ఐదు నిమిషాలు ఆలస్యమైతే అది ఆగాలి. ఆ హామీ ఇవ్వలేకపోతే డైరెక్టు బస్సుని తీయకండి.

ఇక డబ్బు. స్విస్ పల్లె బస్సులు లాభాల్లో లేవు. అక్కడ కేంద్రమూ, కాంటన్లు అనే రాష్ట్రాలూ ఫలానా టైం టేబుల్ కావాలని ముందే ఆర్డరిస్తాయి, లోటు పూడుస్తాయి. అలాగని వాళ్లు దేవుళ్లేం కాదు. పోస్టు బస్సుల సంస్థ ఏళ్ల తరబడి లెక్కలు మార్చి ఎక్కువ సబ్సిడీ లాగిందని 2018లో బయటపడింది. పోస్టు సంస్థ పెద్ద రాజీనామా చేసింది, 20 కోట్ల ఫ్రాంకులకు పైగా తిరిగి కట్టాల్సి వచ్చింది. ఆర్డరు రాసుకుంటే సరిపోదు, చిట్టా చూసే కళ్లూ ఉండాలి.

మన ప్రభుత్వం 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి మొదలుపెట్టింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకి జీరో టికెట్టు. ఇక్కడ ప్రభుత్వం కొంటున్నది తలల్ని. స్విస్ వాళ్లు కొనేది ట్రిప్పుల్ని. తలలు కొంటే సంస్థ జనమున్న చోటికే బస్సు తిప్పుతుంది. బస్సు రాని లంకలో జీరో టికెట్టు విలువ కూడా సున్నాయే.

‘పీఎం ఈ-బస్ సేవ’లో కేంద్రం ఇచ్చే సాయం మాత్రం తిరిగిన కిలోమీటర్ల లెక్కన. ఆ పథకం కింద రాజమండ్రికి, కాకినాడకి ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. డీజిల్ బస్సయితే రూటు మార్చడానికి ఒక సర్క్యులర్ చాలు. కరెంటు బస్సు చార్జరున్న చోటికి తిరిగి రావాలి. చార్జింగుకి ఆగిన సమయమంతా చుట్టు లెక్కలో కలుస్తుంది. చార్జరు ఎక్కడ పాతామన్నదే ఏళ్ల తరబడి రూట్లని తేల్చేస్తుంది. ఆ సిమెంటు దిమ్మెలు పోసేలోపు, ఏ బస్సు ఏ నిమిషానికి ఎక్కడుండాలో చెప్పే కాగితం ఒకటి ఇంజనీర్ల చేతిలో ఉంటే మంచిది.