ముసలి పిల్లి, నాలుగు జబ్బులు



ఈ నెల మేము వ్రాయబోవుచున్నది పిల్లిని గురించి. కొందరు నవ్వుదురు, నవ్వనివ్వండి. పల్లెటూరిలో పిల్లి అనగా ఎలుకలు పట్టుటకు ఇంటికి వచ్చి పోవు ప్రాణి. అది ముసలిదగుట మనలో చాలామంది చూడనే లేదు. ముసలిదయ్యే లోపే కుక్కలకో, లారీలకో బలియై పోవును.

2024 నవంబరులో మా సంఘములోని రిటైరయిన టీచరమ్మగారు ప్రభువు నందు నిద్రించారు. ఆమె ఒంటరిగా ఉండి 13 సంవత్సరములు పెంచుకున్న పిల్లి మిగిలినది. పిల్లలు హైదరాబాదులో అపార్టుమెంటులో ఉన్నారు. తీసుకుపోలేమన్నారు. భూస్థాపన అయిన నాలుగవ దినమున కూడ అది ఆమె మంచము క్రిందనే కూర్చుండుట చూచి, సంఘమంతా అమ్మగారని పిలిచే మా ఇల్లాలు దానిని బుట్టలో పెట్టుకొని వచ్చేశారు. మమ్ములను అడగలేదు.

రెండు వారములలో మాకు అర్థమైనది, మేము తెచ్చుకున్నది పిల్లిని కాదు, ఒక వార్డును. చెంబెడు నీళ్ళు త్రాగేది. గోనె పట్టా, చాప, చివరకు మా ప్రసంగపు కాగితములు కూడ తడిపేది. నోరు తెరిస్తే దుర్వాసన. అరుగు ఎక్కలేక క్రింద నిలబడి అరిచేది. ఒక ఉదయమున గోడకు కొట్టుకున్నది. చూస్తే కంటిపాపలు వెలుగులో కూడ పెద్దవిగా తెరుచుకొని ఉన్నాయి.

ఆ రాత్రియే మేము పెద్ద తప్పు చేయబోయాము. కుంటుచున్నది గదా, నొప్పి తగ్గునని అమ్మగారు ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్ళలో సగము విరిచి పాలలో కలిపారు. దైవకృప, అది పాలు ముట్టలేదు. పిల్లి కాలేయమునకు ఆ మందును విరిచివేసే శక్తి లేదట. రక్తము గోధుమ రంగుకు మారి ఊపిరి అందక చనిపోవును, ఒక్క బిళ్ళ చాలునని డాక్టరుగారు తరువాత చెప్పినప్పుడు అమ్మగారు చాలాసేపు మాటలాడలేదు. మీ ఇంట పిల్లి ఉన్నయెడల ఈ ఒక్క మాట తప్పక జ్ఞాపకముంచుకొనండి. కుక్కల గోమార్లకు వేసే పెర్మెత్రిన్ మందు కూడ పిల్లికి విషమే.

మా ఊరి పశువుల ఆసుపత్రిలో గేదెలకు చక్కని వైద్యము జరుగును గాని, పిల్లి రక్తము తీయుట అక్కడ వారికి అలవాటు లేదు. అందుచేత బుట్టతో బస్సెక్కి గన్నవరము పశువైద్య కళాశాలకు వెళ్ళితిమి. మూత్రపిండములు చెడినవి. అందువలన రక్తపోటు పెరిగి కన్ను దెబ్బతిన్నది. పండ్లు పుచ్చి చిగుళ్ళు చీము పట్టినవి. కీళ్ళు అరిగినవి. మూత్రపిండముల పని మూడింట రెండు వంతులు పోయేవరకు పిల్లిలో పైకి ఏమియు తెలియదట. టీచరమ్మగారి అశ్రద్ధ కాదు అది.

డాక్టరుగారు యువకుడు, మొహమాటము లేని మనిషి. “అయ్యగారూ, నాలుగు జబ్బులకూ ఒకేసారి మందు పెడితే మందులే దీన్ని చంపుతాయి. ఏది ముందు ప్రాణం తీస్తుందో దాన్నే ముందు పట్టుకుందాం” అన్నారు.

ఆ మాటలోని లోతు మాకు మెల్లగా తెలిసినది. కీళ్ళ నొప్పికి మందు ఉన్నది, కాని అది మూత్రపిండములను దెబ్బ తీయును. పండ్లు పీకవలెను, కాని మత్తు ఇస్తే రక్తపోటు పడిపోయి ఉన్న మూత్రపిండము కూడ పోవచ్చును. పీకకపోతే నోటి నొప్పితో తినదు. పిల్లి రెండు మూడు దినములు తినకపోతే కాలేయములో క్రొవ్వు పేరుకొని అదొక క్రొత్త జబ్బగును. మనిషి ఉపవాసముండవచ్చును, పిల్లి ఉండకూడదు.

కనుక మొదట రక్తపోటు. మనుష్యులకు వాడే ఆమ్లోడిపిన్ మాత్రనే చిన్న ముక్క చేసి ఇచ్చారు (ఎంత ముక్కో డాక్టరే చెప్పవలెను, ఎవరికి వారు విరువరాదు). ఎడమ కంటి చూపు తిరిగి రాలేదు, కుడి కన్ను దక్కినది. పిదప సెలైను. మెడ వెనుక చర్మమును డేరావలె పైకెత్తి సూది గుచ్చి 100 మి.లీ. ఎక్కించుట అమ్మగారు నేర్చుకున్నారు. సీసాను ముందు గోరువెచ్చని నీళ్ళలో ఉంచవలెను, లేనియెడల చలికి పిల్లి పారిపోవును. మాకు చేతులు వణికినవి, అందుచేత సీసా పట్టుకొనుట మా వంతు. రెండు నెలలు గడిచి ఒళ్ళు కొంత నిలబడిన తరువాత మూడు పండ్లు తీశారు. కీళ్ళకు మాత్ర లేదు. అరుగు ప్రక్కన రెండు ఇటుకలు మెట్టుగా వేసి, ఎండ తగిలే చోట గోనె పరిచితిమి. అదే మందు.

భోజనము విషయములో మన ఇండ్లలో పొరపాటున్నది. పెరుగన్నము పెట్టి సరిపోయినదనుకుందుము. పిల్లి మాంసాహారి. టౌరిన్ అనే పదార్థము మాంసము, చేపల నుండియే దానికి రావలెను. అది లోపించి గుండె కండరము పాడగునని 1987లో అమెరికాలో కనుగొన్నారు. అలాగని ఎండు చేపలు పెట్టరాదు, మూత్రపిండమునకు ఆ ఉప్పు మంచిది కాదు. మూత్రపిండ రోగపు పిల్లులకు ప్రత్యేక ఆహారము దొరకును, ధర మా జీతమునకు మించినది. సగము అది, సగము ఉడికించిన ఎముకలేని కోడి మాంసము, నీళ్ళు ఎక్కువ చేసి పెట్టుచున్నాము. డాక్టరుగారు పూర్తిగా ఒప్పుకొనలేదు గాని, తినని మంచి ఆహారము కంటె తినే ఆహారము మేలన్నారు.

ఇక ఖర్చు. దాచుట ఎందుకు? సంఘ పెద్ద ఒకాయన వచ్చి, “పిల్లికి సెలైను సీసాలా అయ్యగారూ? మా అమ్మకు మోకాళ్ళ బిళ్ళలు కొనడానికే నేను చస్తున్నా” అన్నాడు. మాకు జవాబు దొరకలేదు. ఇప్పటికిని పూర్తిగా దొరకలేదు. ఆ రాత్రి మేమిద్దరము కూర్చుండి నెలకు ఇంత అని హద్దు పెట్టుకున్నాము. మరల మత్తు ఇచ్చి ఆపరేషను చేయించరాదని, తినుట మానివేసి బాధపడు దినమున డాక్టరుగారి చేత సుఖముగా పంపివేయవలెనని అనుకున్నాము. అమ్మగారు ఏడ్చారు గాని ఒప్పుకున్నారు.

అయితే ఆ మోకాళ్ళ బిళ్ళల మాట మమ్ములను విడిచిపెట్టలేదు. ఆ ముసలమ్మగారు ఎన్నేళ్ళుగా ఆ బిళ్ళలు మింగుచున్నారో అడిగితే, ఆరేళ్ళన్నాడు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవే, చీటీ లేదు. నొప్పి మందు మూత్రపిండమునకు చేటు అని పిల్లి డాక్టరు చెప్పినది మనుష్యులకు కూడ వర్తించును. ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయి రక్తము పరీక్ష చేయించితిమి. క్రియాటినిన్ ఉండవలసిన దానికంటె ఎక్కువ ఉన్నది. ఆ బిళ్ళలు మాన్పించారు. ముసలమ్మగారు మోకాళ్ళు పట్టుకొని మమ్ములను తిట్టుచునే ఉన్నారు, “పిల్లిని చూచుకోక నా జోలికొచ్చారు” అని. ఆమెకు వేడి నీళ్ళ కాపడము, చేతికర్ర మాత్రమే ఇప్పుడున్నవి. నొప్పి తగ్గలేదు.

ప్రతి శనివారము కిరాణా కొట్టు కాటా మీద పిల్లిని బుట్టతో తూచి పుస్తకములో వ్రాయుచున్నాము. కొట్టతను విసుగుకొనుట మానివేసి ఇప్పుడు తానే అంకె చదువుచున్నాడు. వచ్చిన దినమున 2 కిలోల 600 గ్రాములు. వేసవిలో 2 కిలోల 950 వరకు వచ్చినది. పోయిన వారము 2 కిలోల 900, ఈ వారము 2 కిలోల 800. సోమవారము మరల గన్నవరము వెళ్ళవలెను, మొదటి బస్సుకే.