కిన్నెరకు ముప్పై సెకన్లు చాలవు

ఈ వారం నా ఫోన్‌లో ఎటు చూసినా ఒకటే రీల్. కారు అద్దంలోంచి నల్లమల రోడ్డు, వెనక కిన్నెర మోత, పైన ‘పాలమూరు పవర్’ అన్న రాత. ముప్పై సెకన్లలో అయిపోయింది. వాయించిందెవరో రాయలేదు, ఆ పాట ఏ కథలోదో చెప్పలేదు. మన మట్టి వాద్యం లోకమంతా వింటోందని సంతోషించమని మిత్రులు పంపారు. నాకు మాత్రం కోపమే వచ్చింది.

దర్శనం మొగులయ్య ఎవరో పాలమూరు పాఠకులకు చెప్పనక్కర్లేదు. లింగాల మండలం అవుసలికుంట మనిషి. 2021 సెప్టెంబర్ 2న ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట విడుదలైనప్పుడు మొదట వినపడింది ఆయన గొంతే. అంతకుముందు దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి కిన్నెర వాయించినా పట్టించుకోని లోకం ఒక్కరోజులో ఆయన్ని గుర్తుపట్టింది. ఆ గుర్తింపు సినిమా వల్ల వచ్చింది, కాదనను. కానీ సినిమాకు కావలసింది ఆయన గొంతులో నాలుగు వాక్యాలే. రీల్‌కు ఆ నాలుగు కూడా ఎక్కువే.

కిన్నెర పుట్టింది కథ చెప్పడానికి. వెదురు దండె, దానికి ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు, తంతులు. డక్కలి కళాకారులు తరతరాలుగా దాన్ని భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి కథ చెప్పి బతికారు. దొరల గాదెల్లోంచి ధాన్యం తీసి పేదలకు పంచిన పండుగ సాయన్న కథ ఉంది. మియాసాబ్ కథ ఉంది. చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కని మన పేదోళ్ల చరిత్ర ఆ కథల్లోనే బతికింది. కథకుడు ఆగి, మాట చెప్పి, మళ్లీ తంతి మీటి, విన్నవాళ్లు ఊకొడితేనే ముందుకు సాగే కథ అది. అందులోంచి మోత ఒక్కటే తీసుకుని కారు వెనక పెట్టుకుంటే మనకు దక్కిందేమిటి? సాయన్న పోయాడు, మియాసాబ్ పోయాడు, చివరికి వాయించినవాడి పేరూ పోయింది.

ఇక గౌరవాల సంగతి. పవన్ కల్యాణ్ 2 లక్షలు ఇచ్చారు. బస్సు మీద పాడిన పాటకు ఆర్టీసీ ఉచిత పాస్ ఇచ్చింది. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఆయన కళకు చోటు దొరికింది. 2022 జనవరిలో పద్మశ్రీ వచ్చింది, ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అన్నీ మంచివే. అయినా 2024 మే నెలలో అదే మొగులయ్య తుర్కయాంజాల్ దగ్గర కట్టడం పనిలో కూలీగా ఒక వీడియోలో కనిపించారు. నెలనెలా వచ్చే 10,000 గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. ప్రకటించిన ఇంటి స్థలం కాగితాలు చేతికి రావడానికి కూడా 2024 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆ వీడియో చూసి ‘కోటి ఇస్తే ఏం చేశాడు’ అని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది. పిల్లల పెళ్లిళ్లు, ఇల్లు, రోగాలు, మందులు ఉన్న పేద కుటుంబానికి ఒకసారి వచ్చిన డబ్బు ఎన్నాళ్లు నిలుస్తుంది? పద్మశ్రీతో రూపాయి రాదు, అది పతకం, పత్రం మాత్రమే. ఒక్కసారి ఇచ్చేది బహుమతి. నెలనెలా ఇచ్చేది బతుకు. మన ప్రభుత్వాలకు మొదటిదంటేనే మోజు, ఎందుకంటే దానికి ఫొటో ఉంటుంది.

2023లో ‘బలగం’ చూసి తెలంగాణంతా ఏడ్చింది. చివర్లో ఆ దుఃఖాన్ని గొంతెత్తి పాడినవాళ్లు బుడగజంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ. ఊళ్లలో తెరలు కట్టి ఆ సినిమా చూపించారు. మొగిలయ్య మాత్రం కిడ్నీల జబ్బుతో పోరాడి 2024 డిసెంబర్‌లో వెళ్లిపోయారు. పాట అందరి ఫోన్లలో మోగుతున్న కాలంలోనే పాడినాయన ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. పాట సంపాదించింది ఎవరికి చేరుతోందని అడగడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా?

2024 పద్మశ్రీల్లో మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్లు ముగ్గురున్నారు. వెల్లంకిలో గ్రంథాలయం నిలిపిన కూరెళ్ల విఠలాచార్య, భగవద్గీతను బంజారా భాషలోకి తెచ్చిన కేతావత్ సోమ్‌లాల్, నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప. ఆ ఏడాది పద్మ పురస్కారాలు పొందినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షలతో పాటు నెలకు 25,000 పింఛను ప్రకటించింది. ఈ పింఛను మాట సరైనది, మెచ్చుకుంటాను. కానీ కళాకారుడికి నెల గడవాలంటే ముందు ఢిల్లీ దాకా పోయి పతకం తెచ్చుకోవాలా? పతకం రాని కిన్నెర, పతకం రాని బుర్రవీణ, పతకం రాని డప్పు ఏం కావాలి?

తెలంగాణ వచ్చిన కొత్తలో సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. ఉద్యమంలో గొంతు చించుకున్నవాళ్లకు జీతం దొరికింది, సంతోషమే. కానీ వాళ్లకు అప్పగించిన ప్రధానమైన పని ప్రభుత్వ పథకాల ప్రచారం. అప్పటినుంచీ నాదొకటే మాట. ఆ 550 మందిలో కనీసం యాభై మందిని కెమెరా, మైకు ఇచ్చి ఊళ్లకు పంపి ఉంటే, ముసలి కథకులు బతికున్నప్పుడే వాళ్ల కథలు మొదటి నుంచి చివరిదాకా దాచుకునేవాళ్లం. పథకాలు ప్రభుత్వంతో మారతాయి, పాటలూ మారతాయి. పోయిన కథకుడి కథ మాత్రం మళ్లీ రాదు.

ఇది చేతకాని పనేమీ కాదు. తెలంగాణలో కవులే లేరన్నప్పుడు మన గడ్డ మనిషి సురవరం ప్రతాపరెడ్డి వాదులాటతో సరిపెట్టలేదు. 354 మంది కవుల కవితల్ని సేకరించి 1934లో ‘గోల్కొండ కవుల సంచిక’ అచ్చేశారు. ఆయనకు ఫోన్ లేదు, కెమెరా లేదు, ప్రభుత్వ నిధి లేదు. ఇవాళ తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాం. పేరు పెట్టడం తేలిక, ఆయన చేసిన పని చేయడమే కష్టం. మన వాద్యాలను ఊరూరా వెతికి పోగుచేసిన జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటివాళ్లు దారి చూపించారు. ఆ దారిన సంస్థలు నడవాలి. పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఈ కథకుల్ని గురువులుగా పిలిచి జీతమిచ్చి కూర్చోబెట్టాలి. డిగ్రీ లేదని వెనకాడొద్దు. రాత్రంతా కథ చెప్పగల జ్ఞాపకం కంటే పెద్ద డిగ్రీ ఏముంటుంది?

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకోనక్కర్లేదు. మీ ఊళ్లో కథ చెప్పేవాళ్లు, వాద్యం వాయించేవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల దగ్గరికి పోయి కూర్చోండి. అనుమతి అడగండి, డబ్బులివ్వండి, కథ మొత్తం రికార్డు చేయండి. కింద వాళ్ల పేరు, ఊరు రాయండి. ఈసారి ఇంట్లో పెళ్లయితే డీజేకు పెట్టే ఖర్చులో సగం తగ్గించి ఆ రాత్రి కిన్నెర కథ చెప్పించండి. కోట్లు అక్కర్లేదు, ఊరికి ఒక్క రాత్రి పని దొరికితే కిన్నెర బతుకుతుంది.