మెష్ రౌటర్ కొనే ముందు ఆ పాత డిష్ వైరు సంగతి చూడండి

గుంటూరులో మా ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్, పైన ఒక ఫ్లోర్. ఫైబర్ కనెక్షన్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి గేటుకి దగ్గరగా ఉందని కింద హాల్లోనే రౌటర్ బిగించేసి వెళ్లిపోయాడు. నా గది పైన. వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలయ్యాక తెలిసింది అసలు కథ. కింద 100 ఎంబీపీఎస్ వచ్చే నెట్, పైకి వచ్చేసరికి 8. మధ్యాహ్నం క్లయింట్ కాల్‌లో నా వాయిస్ రోబోలా వినిపిస్తోందని మేనేజర్ రెండుసార్లు మెల్లగా, మూడోసారి గట్టిగా చెప్పాడు. అప్పటికి నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను.

నెట్ కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే పైన ఇంకో కనెక్షన్ తీసుకోండి అన్నారు. ఫ్రెండ్స్ మెష్ కొనమన్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మన ఇళ్లలో ఫ్లోర్‌కీ ఫ్లోర్‌కీ మధ్య నెట్ సమస్యకి వైర్‌లెస్ మెష్ చాలాసార్లు డబ్బు దండగ. మధ్యలో ఉన్నది కాంక్రీటు, ఇనుప ఊచలతో పోసిన శ్లాబ్. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాన్ని దాటడానికి అష్టకష్టాలు పడుతుంది. మెష్‌లో రెండో డబ్బా కూడా మొదటి డబ్బాతో ఆ శ్లాబ్ గుండానే మాట్లాడాలి కదా! ఫోన్‌లో గీతలు ఫుల్‌గా కనిపిస్తాయి, స్పీడ్ మాత్రం రాదు. రౌటర్ డబ్బా మీద వేసే ఏఎక్స్3000 లాంటి అంకెలకి శ్లాబ్ సంగతి తెలియదు. రివ్యూలు రాసే మనవాళ్లు కూడా ఒకే ఫ్లోర్ ఫ్లాట్‌లో టెస్ట్ చేసి మార్కులు వేసేస్తారు.

కరెంటు వైర్ల మీద నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా చూశాను. మాది త్రీ ఫేజ్. కింద ప్లగ్గు ఒక ఫేజ్‌లో, పైది ఇంకో ఫేజ్‌లో ఉంటే పనితనం పడిపోతుంది. వదిలేశాను.

అన్నిటికంటే మంచిది క్యాట్ 6 కేబుల్, అందులో డౌటే లేదు. మా ఎలక్ట్రీషియన్ బాబాయ్ డిష్ వైరు ఉన్న పైపులోంచే దాన్ని లాగుదామని చూశాడు. పాత వైరు చివర కొత్త వైరు కట్టి లాగితే బెండు దగ్గర ఇరుక్కుంది. శ్లాబ్ పోసినప్పుడు పైపులోకి సిమెంటు పాలు దిగినట్టుంది. గోడ కొట్టాలంటే నాన్న ఒప్పుకోరు, పెయింట్ వేసి ఆర్నెల్లు కూడా కాలేదు.

అప్పుడు ఆ ఇరుక్కున్న వైరునే వాడితే పోలా అనిపించింది. అది కోయాక్సియల్ కేబుల్. దాని మీద ఈథర్నెట్ పంపే పద్ధతి పేరు మోకా. అమెరికాలో చాలా ఇళ్లలో గదిగదికీ కేబుల్ టీవీ వైరు ఉంటుంది కాబట్టి అక్కడ ఇది మామూలే. రెండు అడాప్టర్లు చాలు. ఒకటి రౌటర్ దగ్గర, రెండోది పైన. మోకా 2.5 రకానికి కాగితం మీద 2.5 గిగాబిట్ల దాకా స్పీడ్. మన 100, 200 ప్లాన్‌లకి పాత 2.0 రకం కూడా ఎక్కువే. చిక్కల్లా ఇక్కడి షాపుల్లో దొరక్కపోవడమే. డల్లాస్ నుంచి వస్తున్న మా అక్కతో తెప్పించుకున్నాను. మీరూ అలా తెప్పించుకుంటే ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో ముందు చూడండి, లేకపోతే మొదటి రోజే పొగ వస్తుంది.

ఇక అసలు కిటుకు. మా ఇంట్లో రెండు సెట్ టాప్ బాక్సులు ఉండేవి, హాల్లో ఒకటి, పై గదిలో ఒకటి. రెండు వైర్లూ మేడ మీద డిష్ దాకా వెళ్తాయి. ఓటీటీలు వచ్చాక డిష్ రీచార్జ్ మానేశాం. మేడెక్కి ఆ రెండు వైర్లూ డిష్ నుంచి పీకేసి, ఒకదానికొకటి జాయింటర్‌తో కలిపేశాను. అంతే, హాల్ నుంచి నా గదికి ఒకే వైరు తయారు! జాయింటుకి టేపు చుట్టి వాన పడని డబ్బాలో పెట్టాను. డిష్‌తో సంబంధం తెగింది కాబట్టి పిడుగుల భయమూ కొంత తగ్గింది.

డిష్ ఇంకా వాడుతున్నవాళ్లు మాత్రం అదే వైరు మీద ఈ ప్రయోగం చేయొద్దు. డిష్ సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది, మోకా 1125 నుంచి 1675 మధ్య. రెండూ కొట్టుకుంటాయి. పైగా సెట్ టాప్ బాక్స్ ఆ వైరులోకి 13, 18 వోల్టులు పంపుతుంది. లోకల్ కేబుల్ టీవీ అయితే సిగ్నల్ మామూలుగా 1000 లోపే కాబట్టి కలిసి నడుస్తాయి, కానీ మధ్యలో ఉన్న స్ప్లిటర్ 1675 దాకా పంపేది అయ్యుండాలి. 5-1000 అని రాసి ఉన్న పాత స్ప్లిటర్ మోకాని అక్కడే ఆపేస్తుంది. వైరు ఇంటి బయటికి వెళ్లే చోట ఒక ఫిల్టర్ కూడా పెట్టాలి, లేకపోతే మీ నెట్ సిగ్నల్ పక్కింటి లైన్లోకి పోతుంది.

పైన పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, అదే వైఫై పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చాను. ఇప్పుడు నా గదిలో 94 ఎంబీపీఎస్. పింగ్ ఒక 4 మిల్లీసెకన్లు పెరిగింది, కాల్స్‌లో ఎవరికీ తెలియదు.

అందరికీ ఇదే చెప్తానా అంటే, చెప్పను. జత అడాప్టర్లకి 100 డాలర్ల పైనే అయింది. మీ పైపులో క్యాట్ 6 దూరితే కళ్లు మూసుకుని అదే వేయించుకోండి. కొత్తగా ఇల్లు కడుతుంటే మేస్త్రీని అడిగి ప్రతి ఫ్లోర్‌కీ ఒక ఖాళీ పైపు, లోపల లాగడానికి ఒక తీగ వదిలించండి. మోకా నాలాగా పైపు మూసుకుపోయి, గోడ ముట్టుకోనివ్వని నాన్న ఉన్నవాళ్లకి.

ఒక పొరపాటు చేశాను. కింద రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది, దాని పక్కన అడాప్టర్ పెట్టిన ప్లగ్గు లేదు. మొదటి వారంలోనే కరెంటు పోయింది, కింద అమ్మ సీరియల్ హాయిగా నడుస్తోంది, పైన నా కాల్ కట్. ఆ సాయంత్రమే బాబాయ్‌ని పిలిచి ఆ ప్లగ్గుని కూడా ఇన్వర్టర్ లైన్లోకి మార్పించాను.