ముప్పు మారితే పట్టికా మారాలి

భారీ నిర్మాణం ఏది చేపట్టినా, ఆరంభంలోనే ముప్పుల పట్టిక ఒకటి తయారు చేసుకోవడం మనకు పరిపాటి. ఆమోదముద్ర పడిన పిమ్మట అది బీరువాలోకి చేరుతుంది. పని మాత్రం సాగుతూనే ఉంటుంది. దానితోపాటు ముప్పు కూడా రూపు మార్చుకుంటుంది. ఇందుకు కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్ర చరిత్ర చక్కని నిదర్శనమని మా అభిప్రాయం.

సూరత్ నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కేంద్రపు మొదటి యూనిట్ 1993 మే నెలలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. 1994 జూన్ నాటికి రెండవ యూనిట్ ఇంకా పూర్తి కాలేదు. ఆ నెల మధ్యలో కుంభవృష్టి కురిసి, పక్కనున్న మోతీచెర్ చెరువు పొంగింది. దాని గేట్లను సకాలంలో తెరవడం సాధ్యపడలేదు. కేబుల్ ట్రెంచీల గుండా, మూయని రంధ్రాల గుండా నీరు మొదటి యూనిట్ టర్బైన్ భవనపు అడుగు అంతస్తులోకి ప్రవేశించింది. రియాక్టర్ అప్పటికే నిలిపివేసి ఉండడం అదృష్టం.

గోడలో తెరచి ఉంచిన రంధ్రం కేబుళ్లు వేసేనాడు అవసరం. పని ముగిసిన మరునాటి నుండి అదే ముప్పు. పట్టికలో ‘వరద’ అన్న మాట మారకపోవచ్చును. వరద వచ్చే దారి మారుతుంది.

అదే ఆవరణలో 700 మెగావాట్ల మూడవ యూనిట్‌కు 2010 నవంబరులో తొలి కాంక్రీటు పడింది. నాలుగు నెలలు నిండకుండానే, 2011 మార్చి 11న జపాన్‌లో ఫుకుషిమా దుర్ఘటన ఆరంభమైంది. కాక్రాపార్‌కు సునామీ భయం లేదు. అయినను విద్యుత్ సరఫరా పూర్తిగా నిలిచిపోతే రియాక్టర్‌ను చల్లబరచడం ఎట్లన్న ప్రశ్న మన అణు కేంద్రాలన్నిటికీ ఎదురై, భద్రతా సమీక్షలు జరిగాయి. 2020లో కరోనా వచ్చింది. ఆ యూనిట్ వాణిజ్య ఉత్పత్తికి చేరేసరికి 2023 జూన్ 30. పన్నెండేళ్లకు పైబడిన ఈ కాలానికి తొలినాటి పట్టిక ఒక్కటే ఎట్లా చాలుతుంది?

కనుక పని ఒక దశ నుండి మరొక దశకు మారిన ప్రతిసారీ పట్టికను తిరిగి చదవాలి. పునాది గుంత నాటి భయాలు వేరు, క్రేన్లు నిలిచిన నాటివి వేరు, యంత్రాలకు విద్యుత్తు ఇచ్చిన నాటివి వేరు. వర్షాలకు ముందు రంధ్రాలను, కాలువలను కాగితం మీద గాక కాలినడకన వెళ్లి చూడాలి. కాంట్రాక్టర్ మారినప్పుడు ఏ రంధ్రాన్ని ఎవరు మూయవలెనో వ్రాతపూర్వకంగా అప్పగించాలి.

దృష్టి ప్రహరీ గోడ దగ్గర ఆగరాదు. 2006 ఆగస్టులో సూరత్ నగరంలో అధికభాగాన్ని ముంచినది ఎగువ వర్షాలకు ఉకాయి జలాశయం నుండి వదలవలసి వచ్చిన తాపీ నీరే. మన సైట్‌కు ఎగువన ఉన్న గేటు ఎవరి అధీనంలో ఉన్నది, అర్ధరాత్రి ఎవరికి కబురు చేయాలి అన్న రెండు ప్రశ్నలకు పట్టికలో జవాబుండాలి.

నీటిని మొదట చూసేది సాధారణంగా రాత్రి షిఫ్టు కార్మికుడే. అతని మాట పట్టికలోకి ఎక్కే మార్గం లేకపోతే, ఎంత సమగ్రమైన పట్టిక అయినా అసంపూర్ణమే.