బుల్లితెర నవలయు మన పరిశోధనమును

గత సంవత్సరము భిలాయిలో ఒక విద్యార్థి నాయొద్దకు వచ్చి, టెలివిజన్‌లోని వైజ్ఞానిక ధారావాహికలనుండి పుట్టిన ఆంగ్లనవలలను మన వెండితెర నవలలతో పోల్చి పరిశోధన చేయుదునని కోరెను. ఉక్కు కర్మాగారమున పనికై వలసవచ్చిన తెలుగు కుటుంబమున మూడవ తరమువాడు. ఆంగ్లమున చదివినదానిని గూర్చి తెలుగున ఆలోచింపవలెనని ఆతని తపన. విషయమును పరిశీలించినవారు అది వ్యాపారమునకు అనుబంధమేకాని సాహిత్యము కాదని త్రోసిపుచ్చిరి. ఆ నిర్ణయము సరికాదని నా అభిప్రాయము.

దృశ్యకావ్యమును శ్రవ్యకావ్యముగా మలచుట తెలుగువారికి క్రొత్త గాదు. 15వ శతాబ్దమున పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు కాళిదాసు నాటకమును శృంగార శాకుంతలముగా వెలయించెను. నాటకకథతో భారతకథను గూడ కలిపెను. నంది మల్లయ, ఘంట సింగనలు కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయ నాటకమును ప్రబంధము చేసిరి. వీరిని అనుబంధ రచయితలని మనమెన్నడైన అన్నామా?

ఆంగ్లమున జరిగినదియు ఇట్టిదే. కాలమున ముందు వెనుకలకు పయనించు ఒక వింత పురుషుని కథయగు ‘డాక్టర్ హూ’ను బి.బి.సి. 1963లో ప్రారంభించినది. ఆ ధారావాహికకు తొలి కథాసంపాదకుడైన డేవిడ్ విటేకర్, టెర్రీ నేషన్ వ్రాసిన డాలెక్‌ల కథను 1964లో నవలగా ప్రకటించెను. తెరపై లేని ఉత్తమపురుష కథనము నందు కలదు, కథారంభమే వేఱు. ‘స్టార్ ట్రెక్’ కథలను 1967 నుండి సంపుటములుగా వెలువరించిన జేమ్స్ బ్లిష్, ప్రసారమైన రూపమును గాక వ్రాతప్రతులను ఆధారము చేసికొనెను. కావున తెరపై విన్నదానికిని పుస్తకమున చదివినదానికిని భేదములు కనిపించును. తాళపత్రములలో పాఠాంతరములకై కండ్లు కాయలు కాచునట్లు వెదకు మనకు ఇది ఆసక్తికరము కాదా?

అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి. టేపులను తిరిగి వాడుకొనుటకును, పాతవానితో ఇక పని లేదనియు బి.బి.సి.వారు నాటి ప్రసారములను చెరిపివేసిరి. ‘డాక్టర్ హూ’ 1960లనాటి భాగములు తొంబదికి పైగా నేటికిని దొరకలేదు. అభిమానులు ఇండ్లలో పట్టి ఉంచుకొనుటవలన ధ్వని మాత్రము మిగిలినది. 1973 నుండి టార్గెట్ ప్రచురణలుగా వెలువడిన చవుకధర నవలలే ఆ కథలలో అనేకమునకు చాలకాలము పాఠకుని చేతికందిన ఏకైక రూపము. మూలము నశింపగా అనువాదము నిలిచిన గ్రంథముల చరిత్ర తెలిసినవారికి దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ నవలలలో హెచ్చుభాగము తొందరపాటు రచనలే. నేను సగములో మూసివేసినవి కొన్ని కలవు. పాత్రను ఏ స్థితిలో గైకొనిరో ఆ స్థితిలోనే తిరిగి అప్పగింపవలెనను నిబంధనము రచయితను కట్టివేయును. పురాణపాత్రలను గైకొన్న మన కవులకును ఇట్టి కట్టుబాటు ఉండెడిదే. కాని రాముడు ఏ సంస్థకును సొత్తు కాడు. ఈ భేదము చిన్నది కాదు. దీనిని తేల్చుటకే పరిశోధనము కావలెను.

మన వెండితెర నవలల గతి మరింత శోచనీయము. ముళ్ళపూడి వెంకటరమణగారంతటివారు చేపట్టిన ప్రక్రియ యిది. అయినను నేనెఱిగిన ఒక గ్రంథాలయమున ఇట్టి పుస్తకములను పాత వారపత్రికలతో కలిపి తూకమునకు అమ్మివేసిరి. పట్టికలో నమోదైనను కాకపోవుటచే ఏమి పోయినవో కూడ తెలియదు. విశ్వవిద్యాలయ శాఖలు ముందుగా చేయవలసినది విమర్శ గాదు, సేకరణము.

ఆ విద్యార్థి తన ప్రణాళికను తిరిగి వ్రాయుచున్నాడు. ఈ పర్యాయము మొదటి అధ్యాయము ప్రబోధచంద్రోదయము మీద.