నల్ల పట్టీకి ట్రిగ్గర్‌ను తిట్టకండి

బోధన్‌లో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మా ఫొటోగ్రాఫర్ల నోట ఒకటే మాట: "ట్రిగ్గర్ పాడైంది." ఫ్లాష్‌ను రేడియోతో వెలిగించే ఆ పరికరానిదే తప్పంటే నేను ఒప్పుకోను. ఫొటోలో ఒక అంచున నల్ల పట్టీ పడితే ముందు చూడాల్సింది షట్టర్ స్పీడ్. మనం వాడే చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో కుదిరే గరిష్ఠ షట్టర్ స్పీడ్, అంటే సింక్ హద్దు, సెకనులో 1/200 లేదా 1/250 వంతు. హైస్పీడ్ సింక్ లేకుండా అది దాటితే, ఫ్లాష్ వెలిగేసరికి షట్టర్ తెర సెన్సర్‌లో కొంత భాగాన్ని కప్పేసి ఉంటుంది. 1/160కి దించండి, పట్టీ పోతుంది.

ఫ్లాష్ అసలే వెలగకపోతే కెమెరా మీద ట్రిగ్గర్ బిగించే హాట్ షూ చూడాలి. పెళ్లి పందిట్లో పసుపు, చెమట అంటిన వేళ్లతోనే ట్రిగ్గర్ ఎక్కిస్తాం. కాంటాక్టుల మీద సన్నని పొర కడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, చివరిదాకా తోసి, లాక్ బిగించాలి. బ్యాటరీల సంగతి చెప్పనక్కర్లేదు.

శక్కర్‌నగర్‌లోనైనా, నిజామాబాద్‌లోనైనా పక్కపక్కనే రెండు పెళ్లిళ్లుంటే, రెండు జట్ల ట్రిగ్గర్లూ ఒకే కంపెనీవై, ఒకే చానల్‌లో ఉంటే, వాళ్ల క్లిక్‌కు మన ఫ్లాష్ పేలుతుంది. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు అది రీచార్జ్ అవుతూ ఉంటుంది! పక్క జట్టుతో ముందే మాట్లాడుకుని చానళ్లు పంచుకోవాలి.

పెళ్లివారికి ఒక మనవి: ఇవన్నీ సరిచూసుకోవడానికి ముహూర్తానికి ముందు మండపం మీద మాకు పది నిమిషాలు వదలండి.